ఊక కలపని పొయ్యి

కొత్తగూడ,
10 జూన్ 1973.

ప్రియమైన జయలక్ష్మీ,

నువ్వు జనవరిలో లింగంపల్లి వదిలి తెనాలి వెళ్లినప్పటి నుంచి రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఇక వాయిదా కుదరదు. మా ఇల్లు రెండుగా పంచుతున్నారు. ఆ పంపకాల కాగితం నన్నే రాయమంటున్నారు. ఈ ఇంట్లో రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా. ఎండకూ వానకూ లింగంపల్లి దాకా నడిచి చదివిన చదువుకు మావాళ్లు అప్పగించిన మొదటి పని ఇది.

కారణం చెప్తాను, నవ్వకుండా చదువు. మా నాయన ఐలయ్య, చిన్నాయన బాలనర్సయ్య రాష్ట్రం గురించి ఎలా పోట్లాడుకునేవారో నువ్వు చూశావు. నాయన అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని ఒక పూటంతా ఠాణాలో కూర్చొని వచ్చాడు. చిన్నాయన మీ నాన్నగారు పనిచేసే కార్ఖానాలోనే పని చేస్తాడు. కలిసుంటేనే బలమని చాయ్ తాగిన చోటల్లా చెప్తాడు. ఇప్పుడు చూడు: రాష్ట్రం వేరు కావాలనే నాయన ఇల్లు వేరు కాకూడదంటున్నాడు. రాష్ట్రం ఒక్కటిగా ఉండాలనే చిన్నాయన వేరు కాపురం కావాలంటున్నాడు!

మొన్న అన్నం దగ్గర మొదలైంది.

"ఒక్క భాష మాట్లాడేటోళ్లు కలిసుండాలె అంటవు కదరా, ఒక్క కడుపున పుట్టినోళ్లు కలిసుండద్దా?" అన్నాడు నాయన.

"ఎవలది వాళ్లకుంటే లొల్లి ఉండదని నువ్వే గదనే అన్నా, ఊరంతా చెప్పినవు."

"అది నేను రాష్ట్రం గురించి చెప్పిన."

"నేను గూడ కలిసుండుడు రాష్ట్రం గురించే చెప్పిన."

మా నాయనమ్మ బుచ్చమ్మ, ఇంటిల్లిపాదీ ఆమెను అవ్వ అనే పిలుస్తాం కదా, చారు గిన్నె చప్పుడయ్యేలా కింద పెట్టింది. "బువ్వ ముంగట పెట్టుకొని ఢిల్లీ దాక పోతరేందిరా? తినుండ్రి. మిమ్ముల ఇద్దర్ని ఒక్క బండిల ఎక్కించి గా అసెంబ్లీల దించి రావాలె. ఆడనే కొట్లాడుకోండ్రి, మా చెవులన్న సల్లగుంటయి."

అందరం నవ్వాం. కానీ తెల్లారి చిన్నాయన ఊరి పెద్దమనిషి పెంటయ్య తాతను పిలుచుకొచ్చాడు. పంపకం నోటిమాటగా తేలిపోయింది. మాదాపూర్ దిక్కున్న బండల చెలక ఒక్కటే తేలలేదు. అది నీకే ఉండనీ అని నాయన, పెద్దోడివి నువ్వే ఉంచుకో అని చిన్నాయన, ఒకరి మీదికి ఒకరు నెట్టుకున్నారు. మేకలు కూడా నీడ దొరకక తిరిగొచ్చే చోటు అది.

అసలు కష్టం వేరే ఉంది. అవ్వను ఇద్దరూ మాకే కావాలంటున్నారు. పెంటయ్య తాత తీర్పు చెప్పాడు: "నెల పెద్దోని కాడ, నెల చిన్నోని కాడ." ఆ మాట నా చేత్తో కాగితం మీద పెట్టాలి. అవ్వ తన పమిట కొంగుకు ఉన్న ముడిని విప్పి మళ్లీ వేసుకుంది. జయా, నేను అ ఆలు దిద్దింది దీనికేనా?

కొంచెం వ్యవధి ఉంది. మా ఇళ్లలో వేరుపడేటప్పుడు కొత్త పొయ్యి అత్త చేత్తోనే వేయాలి. పాత పొయ్యి నిప్పుతోనే దాన్ని ముట్టించాలి. అది ముట్టించిన రోజే కాగితం. "జ్యేష్ఠమాసంల పెద్దకొడుకు ఇంట్ల ఏ పనీ మొదలువెట్టద్దు" అని అవ్వ ఈ నెల దాటించింది. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు. నువ్వు నాకంటే తెలివైనదానివి. ఏం చేయమంటావు? మీరంతా లింగంపల్లికి తిరిగి ఎప్పుడొస్తారు?

నీ
చంద్రమ్మ


తెనాలి,
21 జూన్ 1973.

చంద్రీ,

నవ్వకుండా చదవమన్నావు. చారు గిన్నె దాకా మాట నిలబెట్టుకున్నాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు. అమ్మ వచ్చి ఏమిటే అంటే పైకి చదివి వినిపించాను. తాతయ్య పడక కుర్చీలో కళ్లు మూసుకుని విననట్టు విన్నారు.

మీ ఇంట్లోనే వింత అనుకోకు. మా తాతయ్య రామబ్రహ్మంగారు ప్రత్యేకాంధ్ర కావాలని ఈ వయసులో ఊరేగింపుల్లో నడిచి కాళ్లు బొబ్బలెక్కించుకున్నారు. అదే మనిషి, మా బాబాయి మేడ మీద వేరే వంటగది కట్టుకుంటానంటే రెండు రోజులు అన్నం ముట్టలేదు. "ఏమండీ మావయ్యగారూ, రాష్ట్రం చీలితే తప్పులేదు గానీ వంటగది చీలితే తప్పా?" అని అమ్మ తలుపు చాటు నుంచి మెల్లగా అడిగింది. "రాష్ట్రానికి తల్లి లేదమ్మా, ఇంటికి ఉంది" అన్నారాయన. నాకు మొదట మాట తప్పించుకున్నారనిపించింది. మీ అవ్వ సంగతి చదివాక అంత తేలిగ్గా కొట్టిపారేయలేకపోతున్నాను.

అయినా మీ అవ్వ అచ్చం హైదరాబాదులా ఉందే! విడిపోదామనేవాళ్లూ వదలరు, కలిసుందామనేవాళ్లూ వదలరు. ఈ మాట ఆవిడతో అనకు, గరిటె తీసుకుంటుంది.

నా సలహా అడిగావు కాబట్టి చెప్తున్నాను. కాగితం రాయకు. చేతికి దెబ్బ తగిలిందని గుడ్డ కట్టుకో. నువ్వు రాయకపోతే మీ ఊళ్లో ఇంకెవరు రాస్తారు? నీ చదువు మొదటి లాభం అదే అనుకో.

మీ పోచమ్మ చిన్నమ్మ ఎలా ఉంది? ఉత్తరంలో ఆవిడ మాట ఒక్కటీ లేదేం? మా ఇంటికి నీతో వచ్చినప్పుడు అమ్మ చేసిన బెల్లం పులుసు రెండుసార్లు అడిగి వడ్డించుకుందని అమ్మ ఇప్పటికీ మురిసిపోతుంది.

నాన్న లింగంపల్లిలో ఒక్కరే ఉన్నారు. ఉత్తరాల నిండా మాడిన పప్పు సంగతులే. మేమెప్పుడు వస్తామని అడిగావు. ఆ సంగతి మరోసారి రాస్తాను.

జయ


కొత్తగూడ,
16 జూలై 1973.

జయా,

నువ్వు చెప్పినట్టు చేతికి గుడ్డ కట్టుకోవడం నాకు చేతకాలేదు. అబద్ధం ఆడితే నా చెవులు ఎర్రబడతాయని నీకు తెలుసు కదా. అదృష్టం బాగుండి ఇంకా ఆ అవసరం రాలేదు.

మొదటి పొయ్యి బీటలు వారింది.

వేసి ఆరబెట్టడానికి జ్యేష్ఠం అడ్డం కాదని చిన్నాయన పోరితే, నెల చివర అవ్వ పుట్టమన్ను తెప్పించి, వెనక వసారాలో పొయ్యి వేసింది. ఆ వసారాను చిన్నాయన తన వంటిల్లు కోసం ఖాళీ చేసి గోడ మొదలుపెట్టడానికి రాళ్లు కూడా తెచ్చాడు. పొయ్యి ఎంత అందంగా వచ్చిందో! నాలుగు రోజులు ఆరేసరికి ఒక పక్కన వెంట్రుక మందం గీత, తర్వాత వేలు పట్టేంత బీట. "పగిలిన పొయ్యి మీద కొత్త కాపురమా? తీసెయ్యి" అని అవ్వే పలుగుతో పగలగొట్టింది. మళ్లీ మన్ను, మళ్లీ పొయ్యి, మళ్లీ బీట. ఇంతలో ఆషాఢం వచ్చింది. శూన్యమాసం, కొత్త పొయ్యి కూడదు. చిన్నాయన పరేషాన్ అయిపోయాడు.

"అవ్వా, నీ చేతికేమైందే? మా పెండ్లిళ్లల్ల నువ్వేసిన పొయ్యిలు ఏనుగెక్కినా పగలలే."

"అప్పుడు మన్ను మంచిగుండె, మనుషులు మంచిగుండిరి" అంది అవ్వ.

పెంటయ్య తాత వచ్చి కూర్చున్నాడు. "బుచ్చమ్మక్కా, ఇగ తెమల్చరాదు? శ్రావణంల వేస్తవా?"

"ఏస్త తమ్మీ. నాకు ఒక్కటి చెప్పు. పెత్రమాస నాడు మా ఇంటాయన బువ్వకొస్తడు గద. ఏ ఇంటికి రావాలె?"

పెత్రమాస అంటే మీకు మహాలయ అమావాస్య, పోయిన పెద్దలకు అన్నం పెట్టే రోజు. మా తాత పోయి పదకొండేళ్లయింది.

"పెద్దోని ఇంటికొస్తడు" అన్నాడు పెంటయ్య తాత.

"చిన్నోడు కొడుకు గాడా?"

"అయితే ఆడికి గూడ వోతడు."

"బతికినన్ని దినాలు ఒక్క పొయ్యి బువ్వ తిన్న మనిషి. సచ్చినంక ఆయిన్ను ఇండ్లెంబడి తిప్పుతరా?"

పెంటయ్య తాత చాయ్ సగంలో పెట్టి లేచిపోయాడు. నాయన మీసం కింద నవ్వుకున్నాడు. అవ్వ ఆ నవ్వు చూసింది. "నువ్వు నవ్వకు. నీ తెలంగాణ సంగతి గూడ గట్లనే అడుగుత. గప్పుడు చాయ్ నువ్వు ఇడిచి పోతవు" అంది.

సాయంత్రం పూట నేను పేపరు చదువుతుంటే అందరూ వింటారు. ఢిల్లీలో ఇంకా చర్చలే, ఇంకా చూద్దామనే మాటలే. నాయనకూ చిన్నాయనకూ ఒళ్లు మండిపోతుంది. అవ్వ ఒక్కతే ప్రశాంతంగా వింటుంది. ఢిల్లీ పెద్దలకు ఎవరో ముసలామె సలహా ఇస్తోందని నా అనుమానం.

చిన్నమ్మ గురించి అడిగావు. ఆమె మాట ఉత్తరంలో లేదంటే, ఇంట్లోనూ లేదు. ఎప్పుడూ పనే. వేరుపడదామన్నది చిన్నాయన నోటితోనే తప్ప ఆమె నోట వినలేదు. ఆ బెల్లం పులుసు సంగతి ఇంటికొచ్చి చెప్తే అవ్వ "పులుసుల బెల్లమా? ఇగ చారుల చక్కెర ఎయ్యుండ్రి" అని కొట్టిపారేసింది. చిన్నమ్మ మళ్లీ ఎత్తలేదు.

నువ్వు ఎప్పుడొస్తావో ఈసారీ రాయలేదు. చూశాను.

చంద్రమ్మ


తెనాలి,
30 జూలై 1973.

చంద్రీ,

ఉత్తరం చదువుతుంటే రెండో పొయ్యి దగ్గరే అమ్మ చేతిలో చేట కింద పెట్టేసి నవ్వడం మొదలుపెట్టింది. మా అమ్మ పుణ్యవతిగారు నోరంతా తెరిచి నవ్వడం నేను చూడటం ఇదే మొదలు.

"ఒసేయ్, పొయ్యి మట్టిలో ఊక కలుపుతారే. కలపకపోతే ఎండేకొద్దీ బీటలు వారుతుంది. మొదటిసారి పొయ్యి వేసే పిల్లకి కూడా ఆ సంగతి తెలుస్తుంది. అంత పెద్దావిడకి తెలియదా?" అంది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది. నువ్వు పక్కనే కూర్చుని మన్ను తొక్కావు కదా, పండితురాలా! ఊక ఎక్కడైనా కనపడిందా?

తాతయ్య కళ్లు మూసుకుని వినడం మానేశారు. ఇప్పుడు పోస్టుమాను వచ్చే వేళకి అరుగు మీద కూర్చుంటున్నారు. "మీ స్నేహితురాలి ఇంట్లో పెద్దావిడ ఏమన్నారు?" అని ఆయనే అడుగుతున్నారు. పెత్రమాస ప్రశ్న మళ్లీ చదివించుకున్నారు. చివరికి "ఇరువైపులా ఇంతమంది నాయకుల ప్రసంగాలు విన్నాను. జవాబు చెప్పలేని ప్రశ్న అడిగింది ఆవిడొక్కరే" అన్నారు. మా తాతయ్య ఒక తెలంగాణ మనిషిని మెచ్చుకోవడం! తారీఖు గోడ మీద రాసి పెట్టుకున్నాను.

మీ అవ్వను అడిగి చూడు, ఎందుకు చేస్తోందో. పిల్లి ముందు ఎలుకలా మెల్లగా అడుగు.

జయ


కొత్తగూడ,
26 ఆగస్టు 1973.

జయా,

నువ్వు పండితురాలా అని వెక్కిరించావు. నిజమే. నేను ఆ మన్ను నా పాదాలతో తొక్కాను. ఊక లేదని నా కళ్లకు తోచలేదు.

అవ్వ ఒక్కతే బియ్యంలో రాళ్లు ఏరుతుంటే అడిగాను. "అవ్వా, పొయ్యి మన్నుల ఊక ఎందుకు కలుపుతలేవు?"

ఏరడం ఆపింది. "ఎవలు చెప్పిండ్రే?"

"తెనాలి నుంచి రాసిండ్రు."

"అమ్మో! గంత దూరం కానొచ్చిందా! ఈ ఇంట్ల మట్టి తొక్కినోళ్లకు కానరాలే." నా వంక చూసి నవ్వింది. తర్వాత మళ్లీ బియ్యం మీదికి వంగి చెప్పింది: "కోపం మీద కట్టిన గోడ కోపం పోయినంక గూడ ఉంటది బిడ్డా. నాలుగు నెలలు ఆగితే కోపం ఆరిపోతదేమో అని చూస్తున్న. ఇల్లు గూడ చక్కవెట్టుకోనోళ్లు రాష్ట్రం చక్కవెడుతమని తిరుగుతున్నరు. ముందు ఇది చక్కవెట్టనీ."

అవ్వ గెలవాలని నేనూ కోరుకున్నాను. కానీ ఆ తర్వాత వారం నేను చిన్నమ్మతో ఆమె తల్లిగారి ఊరు నార్సింగి వెళ్లాను. అక్కడ ఊరి దేవత పోచమ్మ తల్లికి బోనాలు. బండి దిగగానే వాళ్లమ్మ ఎదురొచ్చి నీళ్లిచ్చి, "ఏం కూర చేయమంటవు బిడ్డా?" అని అడిగింది. మామూలు మాటే కదా. చిన్నమ్మ చెంబు పట్టుకొని అలాగే నిలబడిపోయింది. కళ్ల నిండా నీళ్లు.

తిరుగుదారిలో బండిలో నాతో చెప్పింది. "పెండ్లయి తొమ్మిదేండ్లాయె చంద్రీ. ఇయ్యాల ఏం వండుదాం పోచమ్మా అని నన్ను ఒక్కరన్న అడిగిండ్రా? మీ అవ్వ చెప్తది, మీ అమ్మ వండుతది, నేను కడుగుత. వాళ్లు చెడ్డోళ్లని అంటలే. మంచోళ్లే. గందుకే ఎవలికీ చెప్పరాలే. మీ చిన్నాయినకు ఒక్కపారి చెప్పి ఏడ్సిన. ఆయినకు ఏం తెలుసు? ఏరు పడుదామన్నడు."

జయా, ఉమ్మడి ఇల్లు మంచిదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. ఒక చెట్టున పుట్టినవాళ్లు ఒక నీడన ఉండాలనే నమ్ముతున్నాను. కానీ ఆ నీడలో ఒక మనిషి తొమ్మిదేళ్లు నోరు తెరవకుండా ఉంటే, ఆ సంగతి చదువుకున్న నాకు కూడా తెలియకపోతే, ఆ ఇంటిని కలిపి ఉంచేది ప్రేమా, అలవాటా? మీ తాతయ్యను అడుగు. వెక్కిరించకుండా అడుగు.

నిన్న అవ్వకు అంతా చెప్పాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పాను.

"నన్ను గూడ ఎవ్వలడిగిండ్రే? మా అత్త ఉన్నన్ని దినాలు నేను ఉప్పు డబ్బ ముట్టలే" అంది మొదట, చురుగ్గా. ఆ తర్వాత చేట మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. మెల్లగా అంది, "నన్ను అడగలేదని నేను అడగలే. నా కోడలు గూడ రేపు గట్లనే అడగది."

ఈ ఉదయం లేవగానే నన్ను పిలిచింది. "పుట్టమన్ను తే. రెండు చేటల ఊక గూడ తే."

ఊక తెమ్మంది, జయా. ఈసారి పొయ్యి పగలదు. భాద్రపదం శూన్యమాసం కాబట్టి ముట్టించేది దసరాకే, కానీ ఇప్పుడే వేసి ఆరబెడుతుందట. ఎక్కడ వేస్తావంటే చెప్పలేదు. చిన్నాయన లింగంపల్లి నుంచి పంపకాల కోసం మంచి మందం కాగితాలు కొనుక్కొచ్చి నా పెట్టె మీద పెట్టాడు. వాటి వైపు చూడలేకపోతున్నాను. నేను నోరు మూసుకొని ఉంటే ఇల్లు నిలిచేదేమో. నిలిస్తే చిన్నమ్మ అలాగే ఉండిపోయేదేమో. ఏది మంచిదో నాకు తెలియడం లేదు.

నీ
చంద్రమ్మ


తెనాలి,
8 సెప్టెంబరు 1973.

నా చంద్రీ,

ఈసారి వెక్కిరింతలు లేవు. ఒకటి తప్ప: నీ ఉత్తరం చదివి మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఏడ్చారు, పోస్టు ఖర్చు నువ్వే పెట్టుకోవాలి.

తాతయ్యను అడిగాను. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డారు. ఆయన వంటింటి దగ్గరికి రావడం నేనెరగను. "పుణ్యవతీ, ఇవాళ ఏం వండుదామనుకుంటున్నావమ్మా?" అన్నారు. అమ్మ కంగారుపడి "మీ ఇష్టమండీ మావయ్యగారూ" అంది. "నా ఇష్టం కాదు, నీ ఇష్టం అడుగుతున్నాను" అన్నారు. అమ్మ ఆలోచించుకుని చెప్పడానికి ఎంతసేపు పట్టిందనుకున్నావు! ఆ మాట ఆవిడను ఎవరూ అడగలేదు కదా.

ఇన్నాళ్లూ నీకు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. రాష్ట్రం సంగతి తేలేదాకా మేం లింగంపల్లి వెళ్లడానికి వీల్లేదని తాతయ్య ఆజ్ఞ. నాన్న వినకుండా ఉద్యోగంలోనే ఉండిపోయారని తాతయ్య జనవరి నుంచి ఆయనకు ఉత్తరం రాయలేదు. నీతో చెప్పడానికి సిగ్గేసింది. నిన్న ఆయనే నాన్నకు రాశారు. "భార్య ఒకచోట, భర్త ఒకచోట ఉండటానికి ఏ రాష్ట్రమూ కారణం కాకూడదు. దీపావళికి ముందు వచ్చి నీవాళ్లను తీసుకెళ్లు." అడుగున నాకు చూపించకుండా ఇంకేదో రాశారు. అడగలేదు.

నువ్వు అవ్వకు చెప్పి మంచిపనే చేశావని నా నమ్మకం. మీ అవ్వ ఊక ఎందుకు అడిగిందో చూసి వెంటనే రాయి. ఇక్కడ అందరం అరుగు మీదే ఉన్నాం.

జయ


కొత్తగూడ,
27 సెప్టెంబరు 1973.

జయా,

ఈ కాగితం మందంగా ఉందేమిటా అనుకుంటున్నావా? చిన్నాయన పంపకాల కోసం కొన్న కాగితాలే ఇవి. ఇక వాటితో వేరే పని లేదు.

అవ్వ పొయ్యి ఎక్కడ వేసిందో తెలుసా? వెనక వసారాలో కాదు. వంటింట్లోనే, పాత పొయ్యికి మూరెడు దూరంలో, తూర్పు ముఖంగా. ఊక కలిపి, పేడతో అలికి, మధ్యమధ్య నిమురుతూ ఆరబెట్టింది. గీత కూడా పడలేదు. చిన్నాయన చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేందవ్వా? ఏరు పొయ్యి అంటే ఏరు ఇంట్ల ఉంటది గదా?"

"ఏరు పొయ్యి అడిగినవు, ఇచ్చిన. ఏరు ఇల్లు ఎవలడిగిండ్రు? నువ్వా, నీ పెండ్లామా?"

అవ్వ అతణ్ణి వదిలేసి చిన్నమ్మ వైపు తిరిగింది. ఆమె గిన్నెలు తోముతూ తల వంచుకొని ఉంది. "పోచమ్మా, ఇటు చూడు. నీకేం గావాలె బిడ్డా? నువ్వే చెప్పు. వాడు కాదు."

నాయన, అమ్మ, నేను గుమ్మం దగ్గరికి చేరాం. చిన్నమ్మ చేతికున్న బూడిద కడుక్కుంది. చీర చెంగుకు తుడుచుకుంది. "నాకు పొయ్యి చాలు అత్తా" అంది. "గోడ వద్దు."

అంతే. చిన్నాయన సాయంత్రం వెళ్లి, వసారాలో గోడకని తెచ్చిన రాళ్లను ఒక్కొక్కటే మోసి, బండల చెలకలో పడేసి వచ్చాడు. "రాళ్లకు రాళ్లు తోడు" అన్నాడు నాయన.

ఇంతలో రాష్ట్రం చీలకుండా ఢిల్లీ ఆరు సూత్రాలు కుదిర్చిందని పేపర్లో వచ్చింది. నాతో రెండుసార్లు చదివించుకున్నారు. నాయనకు సగం నచ్చలేదు, చిన్నాయనకు మిగతా సగం నచ్చలేదు. "ఇద్దరికీ సగం సగం కోపమున్నదంటే పంచాయితీ సక్కగనే తెగినట్టు" అంది అవ్వ. అయితే మనకూ కొన్ని షరతులు ఉండాలని చిన్నాయన పట్టుబట్టాడు. ఒక రోజు పాత పొయ్యి మీద అమ్మ చెప్పిన కూర, ఒక రోజు కొత్త పొయ్యి మీద చిన్నమ్మ చెప్పిన కూర. అన్నం మాత్రం అందరిదీ ఒకే వరసలో. అన్నం దగ్గర రాష్ట్రం మాట ఎత్తినవాడు తన కంచం తనే కడుక్కోవాలి. ఈ షరతు అమ్మది, నాయన వైపే చూస్తూ చెప్పింది. అవ్వను నెలల వంతున పంచే మాట ఎవరూ ఎత్తలేదు. చివరి షరతు అవ్వ పెట్టింది: పోచమ్మ తన పొయ్యి మీద ఏది వండితే అది అందరూ వంక పెట్టకుండా తినాలి. నేను రాస్తానంటే, "రాసుడెందుకు? నోరున్నోళ్లందరూ విన్నరు గద" అంది.

నిన్న పెత్రమాస. పాత పొయ్యి మీదే వండారు. నాయన, చిన్నాయన పక్కపక్కన కూర్చొని తాతకు విస్తరి వేశారు. పెద్దాయన దారి తప్పకుండా వచ్చి ఉంటాడు. కొత్త పొయ్యి పక్కనే ఆరిపోయి, అలికి, ముగ్గు పెట్టి, దసరా కోసం ఎదురుచూస్తోంది.

ఇప్పుడు నీతో పని పడింది. కొత్త పొయ్యి మీద మొదటిరోజు ఏం వండుతావని అవ్వ చిన్నమ్మను అడిగింది. చిన్నమ్మ ఈసారి తడుముకోలేదు.

"బెల్లం పులుసు."

అవ్వ ముఖం చూడాల్సింది, జయా! చేదు మాత్ర మింగినట్టు పెట్టింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పండుగ పూట పులుసుల బెల్లమా అవ్వా?" అని నాయన కావాలనే అడిగాడు. కానీ షరతు పెట్టింది ఆమే కదా. తేరుకొని, "మీ తాత ఉన్నప్పుడు నేనేది పెట్టినా మాట్లాడకుండ తిన్నడు. గాయిన పెండ్లాన్ని, నేను తినలేనా?" అంది.

దీపావళికి మీరు వచ్చినప్పుడు మీ తాతయ్యగారిని కూడా తీసుకురండి. అవ్వ ఆయనను చూడాలంటోంది. "ఆయినకు గూడ ఒక ప్రశ్న ఉన్నది" అంటోంది. ముందే చెప్పి తీసుకురా.

ఈలోగా మీ అమ్మగారిని అడిగి బెల్లం పులుసు ఎలా చేయాలో వివరంగా రాయి. ఏ ముక్కలు వేయాలి, చింతపండు ఎప్పుడు, బెల్లం ఎప్పుడు, ఎంత. బెల్లం కొంచెం తక్కువగా రాయమని అవ్వ నా చెవిలో చెప్పింది. ఉన్నది ఉన్నట్టు రాయమని చిన్నమ్మ గట్టిగానే చెప్పింది. నువ్వు ఎవరి మాట వింటావో నాకు తెలుసు. ఉత్తరం మాత్రం అక్టోబరు నాలుగో తేదీకల్లా మా చేతికి అందాలి.

నీ
చంద్రమ్మ